గూగుల్ ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్: మనిషి పోయాక పనిచేసే సెట్టింగ్ మీద ఒక రివ్యూ

ఈ రివ్యూ కొంచెం తేడాగా ఉంటుంది. ఈ ఫీచర్‌ని ఆన్ చేసుకున్న మనిషి అది పనిచేయడం ఎప్పటికీ చూడడు, బాగుందో బాగాలేదో చెప్పాల్సింది వెనక మిగిలినవాళ్లే. నేను అలా మిగిలినదాన్ని. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒక స్టారు ఎందుకు కోశానో, మిగతా నాలుగూ ఎందుకు ఇచ్చానో చెప్పాలంటే మా అన్నయ్య గురించి చెప్పాలి, అంతకంటే ఎక్కువ మా అమ్మ గురించి చెప్పాలి. సెట్టింగుల సంగతి మాత్రమే కావాల్సినవాళ్లు మధ్యమధ్యలోంచి ఏరుకోండి, రెండూ విడదీసి రాయడం నాకు చేతకాలేదు.

ముందు ఇదేంటో చెప్పేస్తాను. గూగుల్ దీన్ని 2013 ఏప్రిల్‌లో తెచ్చింది. "నేను ఇన్ని నెలలు నా అకౌంట్ వైపు రాకపోతే ఫలానావాళ్లకి కబురు పెట్టు, నా ఫోటోలు వాళ్లకివ్వు, ఆ తర్వాత అకౌంట్ మొత్తం తీసెయ్" అని బతికుండగానే చెప్పిపెట్టుకోవడం అన్నమాట. గడువు 3, 6, 12, 18 నెలల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. పది మంది దాకా పేర్లు ఇవ్వొచ్చు, ఎవరికి ఏది ఇవ్వాలో విడివిడిగా టిక్కులు పెట్టొచ్చు: ఒకరికి ఫోటోలు, ఇంకొకరికి డ్రైవ్‌లో దాచిన ఫైళ్లు, మరొకరికి ఏమీ ఇవ్వకుండా కబురు మాత్రం. వాళ్లకి నాలుగు ముక్కలు రాసిపెట్టే వీలు కూడా ఉంది. మనం పేర్లు ఇచ్చిన సంగతి ఆ పేర్లు గలవాళ్లకి అప్పుడు తెలియదు, గడువు దాటాకే తెలుస్తుంది. దాటడానికి ఒక నెల ముందు నుంచి అసలు మనిషికే మెసేజ్‌లు, మెయిల్స్ వెళ్తాయి, ఉన్నావా అని. ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు మనం పేరిచ్చినవాళ్లకి వెళ్తుంది.

అలా నాకొచ్చింది.

అన్నయ్యది గుండెపోటు. వయసు అంత పెద్దది కాదు, ముందు ఏ జబ్బూ లేదు, ఎవరం దేనికీ సిద్ధంగా లేము. ఆసుపత్రిలో నర్సు ఒక ప్లాస్టిక్ కవరు నా చేతికిచ్చి సంతకం పెట్టమంది. లోపల వాచీ, కళ్లజోడు, పర్సు, ఫోన్. సంతకం పెడుతుండగానే కవర్లో ఫోన్ మోగింది. ప్లాస్టిక్ లోంచి స్క్రీన్ కనిపిస్తోంది, ఆఫీసులో ఎవరో. ఎత్తలేదు, ఎత్తి ఏం చెప్పాలి. నర్సు చాలా మామూలుగా, "సైలెంట్‌లో పెట్టుకోండమ్మా, రాత్రి దాకా వస్తూనే ఉంటాయి" అంది. ఆ రోజు నాతో చాలామంది చాలా మాటలన్నారు, దేవుడికి ఇష్టమైనవాళ్లనే ముందు తీసుకెళ్తాడు దగ్గర్నుంచి. పనికొచ్చిన మాట మాత్రం ఆ నర్సుదే.

ఫోన్ లాక్ ఎవరికీ తెలియదు, వదినకి కూడా. (భార్యకి తెలియకపోవడమేంటని గుసగుసలు పోయినవాళ్లున్నారు. మీ ఇంట్లో ఎవరి లాక్ ఎవరికి తెలుసో ఒకసారి చూసుకుని మాట్లాడండి.) వదినకి ఆ ఫోన్ చూస్తేనే ఒళ్లు వణికేది, పాపని చూసుకోవాలి, కాగితాల పనులు చూసుకోవాలి. దాంతో ఫోన్ అమ్మ దగ్గరికి చేరింది. తెరవడం రాని ఆ ఫోన్‌ని అమ్మ రోజూ చార్జింగ్ పెట్టేది. మంచం పక్కన ప్లగ్గు, వైరు వంగకుండా కింద చిన్న గుడ్డ మడత. పొద్దున్న ఐదున్నరకి అన్నయ్య పెట్టుకున్న అలారం మోగేది. లాక్ తీయకపోయినా అలారం ఆపొచ్చు, అయినా అమ్మ వెంటనే ఆపేది కాదు. కాసేపు మోగనిచ్చి, లేచి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, అప్పుడు వేలితో పక్కకి జరిపేది. పక్క గదుల్లో పడుకున్న మాకు ఆ ట్యూన్ వినగానే ఒక్క క్షణం అంతా మామూలుగానే ఉన్నట్టు అనిపించి మళ్లీ గుర్తొచ్చేది, రోజూ అదే వరస. ఆపెయ్యమ్మా అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చుట్టాల్లో ఒకాయన మాత్రం "ఇలాగైతే మర్చిపోయేదెలాగ" అన్నాడు. "మర్చిపోతానని నేనెప్పుడన్నాను" అంది అమ్మ, ఆయన వైపు చూడకుండానే.

ఇక్కడ గూగుల్ సంగతి వస్తుంది. మనిషి పోయాడో ఉన్నాడో గూగుల్‌కి తెలియదు, దానికి తెలిసేది కదలిక ఒక్కటే. చివరిసారి ఎప్పుడు సైన్ ఇన్ అయ్యారు, మై యాక్టివిటీలో (గూగుల్‌లో మనం చేసినవాటి చిట్టా) ఈమధ్య ఏమైనా ఉందా, జీమెయిల్ వాడకం ఉందా, ఆండ్రాయిడ్ ఫోన్ చెక్ ఇన్ అవుతోందా, ఇలాంటి గుర్తులు చూసి లెక్క కడుతుంది. ఆ చెక్ ఇన్ అనేది మనం చేసేది కాదు, ఫోన్ తనంతట తనే గూగుల్ సర్వర్‌కి హాజరు వేయించుకోవడం. అంటే బ్యాటరీ ఉండి, ఇంటి వైఫై అందుతున్నంత కాలం ఆ లెక్కలో అన్నయ్య తిరుగుతున్న మనిషే. తను పెట్టుకున్న గడువు మూడు నెలలు. ఆ మూడు నెలలు తను పోయిన రోజు నుంచి మొదలవలేదు. అమ్మ చార్జింగ్ పెడుతున్నన్నాళ్లూ లెక్క మళ్లీ మొదటికే వచ్చేది. ఇదంతా అప్పుడు మాకు తెలియదు, అసలు అలాంటి సెట్టింగ్ ఒకటి ఉందనే తెలియదు. మెయిల్ వచ్చాక తేదీలు పోల్చుకుంటే అర్థమైంది. ఇంట్లో పోయినవాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్ చార్జింగ్‌లో ఉంచుతున్నవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఆపేయమని చెప్పట్లేదు. మీకు రావాల్సినదేదైనా ఉంటే అందుకే రావట్లేదేమో అని చెప్తున్నానంతే.

మా విషయంలో ఆ చెక్ ఇన్‌ని ఆపింది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీని ఎప్పుడూ నూటికి నూరు చార్జింగ్‌లోనే ఉంచితే త్వరగా పాడవుతుంది, లోపల గ్యాస్ పుట్టి ఉబ్బడం కూడా జరుగుతుంది. ఒకరోజు చూస్తే ఫోన్ వెనక మూత ఒక అంచున లేచింది, బల్ల మీద పెడితే ఊగుతోంది. ఉబ్బిన బ్యాటరీతో ఆటలాడకూడదు, నొక్కినా గుచ్చుకున్నా నిప్పంటుకోవచ్చు. మా ఆయన స్విచాఫ్ చేసి తీసుకెళ్తుంటే అమ్మ "దాన్ని కూడా పట్టుకుపోండి" అంది. ఆ 'కూడా' విని ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. రిపేరు షాపతను బ్యాటరీ మార్చేస్తే మళ్లీ పనిచేస్తుందన్నాడు, పెద్ద ఖర్చు కూడా కాదు. మార్పించుకొస్తామని అమ్మకి చెప్పాం. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మారిస్తే మళ్లీ పొద్దున్నే మోగుతుందిగా" అంది. అవునమ్మా అన్నాను. "వద్దులే" అంది. పాత బ్యాటరీ తీసేసిన ఫోన్ బీరువాలోకి వెళ్లింది.

గడువు అక్కడ మొదలైంది, ఎవరికీ తెలియకుండా.

మెయిల్ వచ్చేసరికి నేను మీటింగ్‌లో ఉన్నాను. సబ్జెక్టులో "బుజ్జీ, ఇది స్పామ్ కాదు" అని ఉంది. చూడగానే స్పామే అనుకున్నాను. పోయినవాళ్ల పేర్లు వాడుకుని డబ్బు గుంజేవాళ్ల గురించి అప్పటికే విని ఉన్నాం. కానీ బుజ్జీ అని నన్ను పిలిచేది ఒక్కడే. కింద గూగుల్ తరఫు వాక్యం ఉంటుంది, ఈ అకౌంట్ వాడడం ఆగిపోయాక మీకు ఈ మెయిల్ పంపమని ఫలానా వ్యక్తి మాకు చెప్పారు అనే అర్థంలో. పైన అన్నయ్య రాసింది ఇది:

"నీకిది వచ్చిందంటే నేను మూడు నెలలుగా ఫోన్ ముట్టుకోలేదన్నమాట. ఎందుకో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఫోటోలు, డ్రైవ్ నీకిస్తున్నాను, వెంటనే దించుకో, తర్వాత అకౌంట్ ఉండదు. బండి కాగితాలు నీలం ఫైల్లో ఉన్నాయి. బండి నువ్వే తీసుకో, ఎవడికీ అమ్మకు. అమ్మకి ఇది చదివి వినిపించకు."

ఆ బండి తనే ఎప్పుడో అమ్మేశాడు. నీలం ఫైలు ఏమైందో దేవుడికే తెలియాలి. వదిన గురించి ఒక్క ముక్క లేదు, పాప గురించి లేదు. ఎలా ఉంటాయి, ఇది రాసేనాటికి తనకి పెళ్లే కాలేదు. ఎప్పుడో కుర్రతనంలో, ఏ రాత్రో ఏమీ తోచక సెట్టింగుల్లో తిరుగుతూ సరదాకి రాసి ఉంటాడు, తర్వాత మర్చిపోయి ఉంటాడు. మీటింగ్‌లో అందరి ముందు నాకు నవ్వొచ్చింది, బండి దగ్గర. అన్నయ్య పోయాక అన్నయ్య మాటకి నవ్వడం అదే మొదలు. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను, అది వేరే విషయం.

వదినకి చెప్పడం కష్టమైంది. పెళ్లికి ముందు పెట్టిన సెట్టింగ్ అని తనకీ తెలుసు, నేను చెప్పకముందే తేదీలు లెక్క వేసింది. తెలిసినా గుచ్చుకుంటుంది. కాపురం చేసిన మనిషి పోయాక వచ్చిన చివరి మాటలో తన పేరు లేకపోవడం అనేది లెక్కలతో సరిపుచ్చుకునేది కాదు. రెండుసార్లు చదివి ఫోన్ నాకిచ్చేసింది. కాసేపయ్యాక, "అత్తయ్యకి చెప్పద్దన్నారు సరే, నాకు చెప్పద్దని రాయలేదుగా" అంది. అప్పట్నుంచి దించుకోవడం అంతా ఇద్దరం కలిసే చేశాం. కాబట్టి ఇది చదివి సెట్టింగ్ పెట్టుకునేవాళ్లు, ఆల్రెడీ ఎప్పుడో పెట్టేసుకున్నవాళ్లు, ఇంట్లో మనుషులు మారినప్పుడల్లా ఒకసారి తెరిచి చూడండి. పెళ్లి, విడాకులు, పిల్లలు, నంబర్ల మార్పు, ఏదైనా. రాసిన మాట రాసిన రోజు దగ్గరే ఉండిపోతుంది. దానికి గూగుల్‌ని అనడానికి లేదు.

నంబర్ల మార్పు అని ఎందుకన్నానంటే, డేటా ఇచ్చే ముందు గుర్తింపు కోసం కోడ్ వచ్చేది సెట్టింగ్‌లో ఇచ్చిన ఫోన్ నంబరుకే. నా నంబరు కాలేజీ రోజుల్నించీ ఒకటే కాబట్టి సరిపోయింది. మార్చేసి ఉంటే, నా పాత నంబరు ఇప్పుడెవరి దగ్గరుందో వాళ్లకి మా అన్నయ్య తరఫున ఒక కోడ్ వెళ్లేది.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ పని పెట్టిన విషయం టిక్కులు. తను టిక్ పెట్టినవి ఫోటోలు, డ్రైవ్, కాంటాక్ట్స్. పెట్టనివి మెయిల్, తిరిగిన చోట్ల చరిత్ర, యూట్యూబ్, ఇంకా బోలెడు. మెయిల్ లేదని చూడగానే కోపం వచ్చింది. ఏం దాచావురా అనిపించింది, పోయిన మనిషిని పట్టుకుని. వదిన మొహంలో కూడా అదే ప్రశ్న, ఇద్దరం బయటికి అనుకోలేదు. కొన్నాళ్లు నాకిదే ధ్యాస. ఎవరైనా ఉన్నారా, అప్పులున్నాయా, ఒంట్లో బాగోలేదని ముందే తెలుసా. రాత్రిళ్లు పడుకుని అన్నయ్య మెయిల్‌లో ఏమేం ఉండి ఉంటాయో ఊహించుకునేదాన్ని. పిచ్చి అనకండి, హఠాత్తుగా పోయినవాళ్ల ఇళ్లల్లో ఇది మామూలే. జవాబు లేని చావుకి ఎక్కడో ఒకచోట జవాబు రాసిపెట్టి ఉంటుందని వెతుకుతూనే ఉంటాం.

అది తగ్గింది ఎవరో చెప్పినందుకు కాదు, ఫోటోలు చూడగా చూడగా తగ్గింది. పోయాక అన్నయ్యని మేమందరం ఒక పటంలోకి ఎక్కించేశాం కదా, ఎంత మంచివాడో, ఎంత నెమ్మదో. అసలు మనిషి అంత నెమ్మదేం కాదు. గది తలుపు గడియ పెట్టుకుంటాడు, తడితే "తర్వాత రా" అంటాడు, డైరీ ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆ మెయిల్ టిక్ లేకపోవడంలో నాకు ఆ మనిషే కనిపించాడు. ఇచ్చినవాటిలో కంటే ఇవ్వనిదాంట్లోనే ఎక్కువ తనలా ఉన్నాడు. పోయాడు కాబట్టి ఇప్పుడు తన సంగతులన్నీ నావి అని అనుకున్నది నేను, తను ఎప్పుడూ అనలేదు. తర్వాత నేను ఆ మెయిల్ గురించి వెతకడం మానేశాను. ఈ ప్రోడక్ట్‌కి నేను ఇచ్చే నాలుగు స్టార్లలో రెండు ఆ టిక్కులకే. లాక్ చెప్పి పోయి ఉంటే అన్నీ చదివేసేదాన్ని, సందేహం లేదు.

దించుకోవడం గురించి. ఇచ్చేది లాగిన్ కాదు, డేటా కాపీ మాత్రమే, జిప్ ఫైళ్లుగా. ఫోటోలు ఎక్కువ ఉంటే ముక్కలు ముక్కలుగా వస్తాయి, పెద్ద హార్డ్ డిస్క్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో చేద్దామనుకోవద్దు. ప్రతి ఫోటో పక్కన జేసన్ అని ఇంకో చిన్న ఫైలు కనిపిస్తుంది, చెత్త అనుకుని తీసేయకండి, ఫోటో ఎప్పుడు ఎక్కడ తీశారనే వివరాలు దాంట్లో ఉంటాయి. అకౌంట్ తీసేయమని పెట్టి ఉంటే మూడు నెలల్లో పోతుంది, "మనసు బాగున్నప్పుడు చూద్దాం" అని వాయిదా వేస్తే చూడ్డానికి ఏమీ మిగలదు. చూడకపోయినా పర్లేదు, దించి పక్కన పెట్టండి.

ఫోటోల్లో ఏముంటాయని అనుకుంటున్నారో కానీ, సగం చెత్త. పార్కింగ్ స్తంభం నంబర్లు. రూటర్ వెనక స్టిక్కర్. ఎవరిదో కరెంటు మీటరు. బొటనవేలు అడ్డొచ్చిన ఫోటోలు, ఒకే ఫోటో ఆరేడు సార్లు. నిద్రపోతున్న పాప పాదాలు, ఆ పక్కదే మళ్లీ ఒక బ్యాంకు ఫారం. వదినా నేనూ మొదట్లో ఒక పద్ధతిగా ఏడాదుల వారీగా మొదలుపెట్టాం. గంట సేపు ఇన్సూరెన్సు కాగితాల స్కానింగులు వెతుకుతాం, మధ్యలో ఏదో ఫోటో తగులుతుంది, ఇద్దరం అక్కడే కూలబడతాం, మళ్లీ కాసేపటికి లేచి పాలసీ నంబరు రాసుకుంటాం. ఇలా ఊగిసలాడ్డం లోపం అనుకునేదాన్ని. దుఃఖం మీద పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పింది సరిగ్గా ఇదేనని తర్వాత తెలిసింది: మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు మళ్లుతూ ఉంటాడు, తట్టుకునే తీరే అది అని. అందరూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే "దుఃఖానికి ఐదు దశల" కంటే నాకు ఇది నయమనిపించింది. ఆ ఐదు దశలు 1969లో ఎలిజబెత్ కుబ్లర్ రాస్ మొదట చెప్పింది చావుకి దగ్గరగా ఉన్న రోగుల గురించి. పోగొట్టుకున్నవాళ్లు వరసగా ఎక్కాల్సిన మెట్లేమీ కావవి, మీది ఏ స్టేజీ అని అడిగే స్నేహితులకి ఇది చూపించండి.

ఇంకో హెచ్చరిక. దించుకున్న ఫోటోలు మీ సొంత గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కించేస్తే, ఏదో ఒక రోజు పొద్దున్నే "మెమరీస్" అని తగిలేది అవే. 2014 డిసెంబర్‌లో ఫేస్‌బుక్ ఏడాది జ్ఞాపకాలు అంటూ బొమ్మలూ రంగులతో చూపించినప్పుడు, వెబ్ డిజైనర్ ఎరిక్ మేయర్‌కి అదే ఏడాది చనిపోయిన కూతురి ఫోటో ఎదురొచ్చింది. ఆయన దాని గురించి రాశాక సంస్థ నుంచి క్షమాపణ కూడా వచ్చింది. ఇప్పుడు గూగుల్ ఫోటోస్‌లో ఫలానా మనిషి మొహం, ఫలానా తేదీలు మెమరీస్‌లో చూపించొద్దని పెట్టుకోవచ్చు. వదిన తేదీ ఒక్కటే దాచింది, మొహం దాచలేదు. నేను రెండూ దాచాను. ఎవరిష్టం వాళ్లది, ఎవరి గాయం ఎక్కడుందో వాళ్లకే తెలుసు.

మిగతా కంపెనీలవి కూడా చూశాను, క్లుప్తంగా. ఫేస్‌బుక్‌లో లెగసీ కాంటాక్ట్ అని 2015 నుంచి ఉంది, మనం పోయాక ప్రొఫైల్ చూసుకోమని ముందే పేరిచ్చే మనిషి అన్నమాట. పోయినవాళ్ల ప్రొఫైల్‌ని స్మారకంగా మారిస్తే పేరు దగ్గర "రిమెంబరింగ్" అని వస్తుంది, పుట్టినరోజు రిమైండర్లు ఆగిపోతాయి. ఈ రెండో పనికే అది చేయించుకోవచ్చు, ఎందుకంటే సంగతి తెలియనివాళ్లు గోడ మీద "మెనీ మోర్ హ్యాపీ రిటర్న్స్ బ్రో" అని రాస్తుంటే చూడలేం. లెగసీ కాంటాక్ట్ ప్రొఫైల్ ఫోటో మార్చొచ్చు, పైన ఒక పోస్టు పెట్టొచ్చు, మెసేజ్‌లు మాత్రం చదవలేరు. మంచి ఏర్పాటు.

యాపిల్‌ది 2021 డిసెంబర్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15.2తో వచ్చింది. ఐదుగురి దాకా పెట్టుకోవచ్చు. ఇందులో నెలల గడువు లేదు: బతికుండగా ఇచ్చిన యాక్సెస్ కీ అనే కోడ్, మరణ ధ్రువీకరణ పత్రం, ఈ రెండూ ఇస్తే చూసి అనుమతిస్తారు. అనుమతి ఇచ్చినప్పట్నుంచి మూడేళ్లు చూసుకోవచ్చు, ఆ తర్వాత శాశ్వతంగా తీసేస్తారు. దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు, కొనుక్కున్న పాటలూ సినిమాలూ రావు. ఒకటే చిక్కు, ఇక్కడ టిక్కుల్లేవు. మెసేజ్‌లతో సహా దాదాపు అంతా వెళ్తుంది. మా అన్నయ్య ఐఫోన్ వాడే మనిషయ్యుంటే ఇది పెట్టేవాడే కాదని నా నమ్మకం. ఆ కీ కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వొచ్చు, ఇస్తే మాత్రం అదేంటో చెప్పి ఇవ్వండి, లేకపోతే పాత బిల్లుల్లో కలిసిపోతుంది.

వాట్సాప్‌లో వారసులు గీరసులు ఏమీ లేరు. 120 రోజులు వాడకం లేకపోతే అకౌంట్ తీసేస్తుంది, అప్పుడు గ్రూపుల్లో ఆ మనిషి వెళ్లిపోయినట్టు కనిపిస్తుంది. ఫ్యామిలీ గ్రూపులో ఆ లైను ఏదో ఒక రోజు వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచడం మంచిది. చాట్‌లో వాయిస్ మెసేజ్‌లు ఉంటే అవి మీ ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి పోవు, కానీ మీరు ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ సరిగ్గా లేకపోతే పోతాయి, అది చూసుకోండి. ఆ వాయిస్ మెసేజ్‌లు ఇస్తే పోయినవాళ్ల గొంతుతో మాట్లాడే బాట్ తయారుచేసే సర్వీసులున్నాయని ఒక ఫ్రెండ్ చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది. నేను ఒప్పుకోలేదు. అన్నయ్య గొంతు అన్నయ్య అనని మాటలు అంటుంటే వినడం నావల్ల కాదు, పైగా దానికి ఆయన టిక్ పెట్టలేదు.

ఈ ఆన్‌లైన్ గొడవంతా ఎందుకు, మనుషులతో మాట్లాడితే పోలా అనుకునేవాళ్లకి: అన్నయ్య నంబరు ఆపించడానికి ఒక కంపెనీకి ఫోన్ చేశాను. ఆయన చనిపోయారండీ అన్నాను. అవతలి అమ్మాయి "అర్థమైంది మేడం, వెరిఫికేషన్ కోసం ఒకసారి లైన్‌లోకి ఆయన్ని ఇవ్వగలరా" అంది. పాపం ఆ అమ్మాయి ముందు రాసిపెట్టిన కాగితం చదువుతోంది. నేను మళ్లీ చెప్పాను, ఆ అమ్మాయి మళ్లీ చదివింది. చనిపోయారు అనే మాట ఒకే ఫోన్ కాల్‌లో అన్నిసార్లు పలికాక నాకు అది మొదటిసారి మామూలు వాక్యంలా వినిపించింది. ఆ కంపెనీకి స్టార్లు లేవు.

ఇక గూగుల్‌కి కోసిన ఆ ఒక్క స్టారు. అన్నిటికంటే తక్కువ గడువు మూడు నెలలు, పైగా కదలిక ఆగిన దగ్గర్నుంచి. కాగితాలు, బీమా, లోన్లు, ఇవి అన్నాళ్లు ఆగవు. కాబట్టి ముఖ్యమైన కాగితాల కోసం దీన్ని నమ్ముకోవద్దు, అవి ఇంట్లో ఇంకొకరికి తెలిసే చోట విడిగా ఉండాలి. ఇంకోటి, సెట్టింగ్ ఎక్కడో అడుగున ఉంది, వెతుక్కుంటూ వెళ్తే తప్ప కనపడదు. ఇది పెట్టుకోకపోతే ఏమవుతుందంటే, రెండేళ్లు వాడని వ్యక్తిగత అకౌంట్లని తీసేసే అధికారం గూగుల్ ఉంచుకుంది, 2023 డిసెంబర్ నుంచి తీసేయడం మొదలుపెట్టింది కూడా. ఏమీ పెట్టకుండా పోయినవాళ్ల కోసం కుటుంబం అడగడానికి ఒక ఫారం ఉంది, అకౌంట్ మూయించొచ్చు, కొన్ని సందర్భాల్లో కొంత డేటా కూడా ఇస్తారు, పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వరు. అది వాళ్లు చూసి నిర్ణయించేది, మన చేతిలో లేదు.

నాది నేను పెట్టుకున్నాను. ఆరు నెలలు. మా ఆయన, వదిన. ఇద్దరికీ ఫోటోలు, డ్రైవ్. మెయిల్ టిక్ నేనూ పెట్టలేదు, మా ఆయన అది చూసి ఏంటో అన్నట్టు ఒక చూపు చూశారు. రాసిపెట్టే మెసేజ్ దగ్గర చాలాసేపు కూర్చుని చివరికి తేదీ వేసి రెండు వాక్యాలు రాశాను, బండి ప్రస్తావన లేకుండా. అమ్మకి కూడా పెడదామని ఫోన్ అడిగితే "నా ఫోన్‌లో ఏముంది, మీ ఫోటోలేగా" అంది, అయినా ఇచ్చింది. కాంటాక్ట్‌గా ఎవరి పేరు పెట్టమంటావని అడిగితే పాప పేరు చెప్పింది. పాపకింకా ఫోన్ లేదు, ప్రస్తుతానికి వదిన నంబరు ఇచ్చాం, తర్వాత మార్చాలి.

పెట్టుకునేవాళ్లకి దారి: గూగుల్ అకౌంట్ తెరిచి "డేటా అండ్ ప్రైవసీ"లోకి వెళ్లండి, కింద దాకా జరిపితే "మోర్ ఆప్షన్స్" అని ఉంటుంది, దాంట్లో "మేక్ ఎ ప్లాన్ ఫర్ యువర్ డిజిటల్ లెగసీ". నొక్కితే ముందు గడువు అడుగుతుంది, తర్వాత పేర్లు, చివర్న అకౌంట్ తీసేయాలా వద్దా అని.